మూడో చరణం

“మీరు ఊరికే కూసుంటే చాలు మేడం. పాటల సంగతి మేం చూసుకుంటం,” అన్నాడు వెంకటరామారావు సార్.

ద్వాలి అప్పుడు మస్టర్ రిజిస్టర్‌లో రాని వాళ్ల పేర్లకు ఎర్ర గీత పెడుతున్నది. సత్తుపల్లి బొగ్గు గని టైమాఫీసులో ఆమె గుమస్తా. సార్ ఆ సెక్షన్‌కు పెద్ద. బస్టాండ్ దగ్గర కొత్తగా కట్టిన హోటల్లో, మేడ మీద ఉన్న బార్‌లో, ఆదివారం సాయంత్రం పాటల క్విజ్ పెట్టారు. సినిమా పాట ముందొచ్చే సంగీతం కాస్త వినిపిస్తారు, అది ఏ పాటో కాగితం మీద రాసివ్వాలి. టీముకు ముగ్గురు. ముగ్గురిలో ఒక్కరైనా ఆడమనిషి ఉండాలని షరతు. పక్క సెక్షన్ ఉషారాణి వస్తానని పేరిచ్చింది గానీ, ఇంటికి ఆడబిడ్డ వస్తున్నదని శనివారం మధ్యాహ్నం మానుకుంది.

“అవ్ అక్కా, పకోడి తినుకుంట కూసో,” అన్నాడు సర్వే సెక్షన్ తిరుపతి. “లేడీస్ లేకపోతే మమ్మల్ని లోపటికే రానియ్యరట.”

ద్వాలి నవ్వి సరే అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు. బస్సులో ఇంటికి వచ్చేదాకా ఆ ఒక్క మాటే తిరుగుతున్నది బుర్రలో. ఊరికే కూర్చుంటే చాలు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. పెనుబల్లి పక్కన తండాలో పుట్టినప్పటి నుంచి కూర్చున్నదంటే చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టే. మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంది, చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది, బిడ్డకు పాలిస్తూ కూర్చుంది, ఆఫీసులో గీతలు పెడుతూ కూర్చుంది. పని లేకుండా కూర్చోవడం ఎలా ఉంటుంది? చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? ఒళ్లోనా, బల్ల మీదా? బస్సు దిగుతుంటే ఆమెకు నిజంగానే భయం వేసింది, పరీక్షకు పోతున్నట్టు.

ఇంట్లో చెప్పడానికి రాత్రి అన్నాలు అయ్యేదాకా ఆగింది.

“బార్లనా?” అన్నాడు భర్త జైరాం, పళ్లెంలో చెయ్యి కడుక్కుంటూ. అతను బొగ్గు లారీల దగ్గర సూపర్‌వైజర్. “ఆడోళ్లు కూసుంటరా ఆడ?”

“టీముకు ఒక ఆడామె ఉండాల్నట. సార్ అడిగిండు.”

“సార్ అడిగిండా?” జైరాం కాసేపు ఆలోచించాడు. ఆమెకు ఇష్టమా కాదా అని కాదు, సార్ ఏమనుకుంటాడోనని. “సరే పో. పెద్దమనిషి మాట తీసేస్తే బాగుండదు. ఎనిమిదింటికి బండి తీస్కొని కింద ఉంట. ఎనిమిదంటే ఎనిమిదే. నన్ను మీదికి రప్పియ్యకు. వండే పోతవు గద?”

చివరిది ప్రశ్న కాదు. పెళ్లయిన కొత్తలో అది ప్రశ్నేననుకుని జవాబు చెప్పేది.

ముందరి గదిలో మంచం మీద నుంచి మామ చందూలాల్ నవ్వాడు. ఆయన చెడ్డవాడు కాదు. కోడలిని ఏనాడూ ఒక మాట అన్నవాడు కాదు. “పాటల పోటీకా?” అన్నాడు. “నువ్వు పాటలెప్పుడు విన్నవ్ బిడ్డా?”

జైరాం కూడా నవ్వాడు. ద్వాలి ఎంగిలి పళ్లేలు ఎత్తుకుని వంటింట్లోకి పోయింది.

నిజమే కదా, ఎప్పుడు విన్నది? ఆ ఇంట్లో రేడియో మామది. పొద్దున లేస్తూనే పెడితే రాత్రి పడుకునేదాకా మోగుతుంది. ఇప్పుడంటే బటన్ నొక్కితే వేల పాటలు వచ్చే చిన్న పెట్టె వచ్చింది గానీ, ఆమె కాపురానికి వచ్చినప్పుడు అది గరగరమనే పాత రేడియో. ముందరి గదిలో అది, వెనక వంటింట్లో తను, మధ్య ఒక గోడ. కొత్తలో ఒక రోజు ఏదో పాట వస్తుంటే చీపురు చేతిలో పట్టుకునే గుమ్మం దగ్గర నిలబడిపోయింది. అప్పటికి బతికే ఉన్న అత్త చూసి, “పాట కడుపు నింపుతదానే?” అంది. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. ఆ తర్వాత ద్వాలి ఎప్పుడూ గుమ్మం దగ్గర నిలబడలేదు. పాటలే గోడ దాటి వచ్చేవి. పోపు వేసేటప్పుడు వచ్చేవి, పిండి కలిపేటప్పుడు వచ్చేవి. అయినా మామ అన్నది తప్పనిపించలేదు. వినడమంటే మంచం మీద కాలు మీద కాలేసుకుని వినడం. తనది వినడం ఎలా అవుతుంది?

ఆదివారం నాలుగింటికల్లా అన్నం, పప్పు, మామకు జొన్నరొట్టెలు చేసి మూతలు పెట్టింది. ఏది ఎందులో ఉందో జైరాంకు చెప్పింది. అతను ఫోన్ చూస్తూ “ఊఁ” అన్నాడు.

బార్ అంటే ఏదో చీకటి గుహ అనుకుంది గానీ, రంగు లైట్లున్న హాలు. పది బల్లలు. ఆడవాళ్లు చాలామందే ఉన్నారు, అందరూ తనలాగే పర్సు ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచుకు కూర్చున్నారు. ముందు చిన్న వేదిక మీద లాప్‌టాప్, రెండు స్పీకర్లు, మైకు పట్టుకున్న ఒక ఆడమనిషి. ఆమె పేరు అరుణశ్రీ, ఖమ్మం ఆర్కెస్ట్రాలో ఇరవై ఏళ్లుగా పాడుతున్నదట. ఈ పోటీ నడిపేది ఆమే. సార్ తమకు రెండు బీర్లు, ద్వాలికి నిమ్మసోడా చెప్పాడు. ఏం కావాలని ఆమెను అడగలేదు. అడిగినా నిమ్మసోడానే అనేది, అది వేరే సంగతి.

పకోడి వచ్చింది. ద్వాలి చెయ్యి దానంతటదే లేచింది. మూడు ప్లేట్లలో సర్దింది, ఉల్లిపాయ ముక్కలు పంచింది, నిమ్మచెక్క పిండింది. అప్పుడే స్పీకర్‌లో మొదటి పాట ముక్క వచ్చింది. వీణ మీద నాలుగు చుక్కలు, ఆగిపోయింది.

“ఏందిరా ఇది?” అన్నాడు సార్. తిరుపతి తల గోక్కున్నాడు.

ద్వాలి నిమ్మగింజలు ఏరుతూ పాట పేరు చెప్పింది.

ఇద్దరూ ఆమెను చూశారు. “పక్కానా మేడం?”

“పప్పు గుత్తి పట్టినప్పుడు వస్తది సార్ అది,” అంది. అని నాలుక కరుచుకుంది.

తిరుపతి పడీపడీ నవ్వాడు. పెన్ను మాత్రం సార్ దగ్గరే ఉంది. ఆయన కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి, వేరే పాట పేరు రాశాడు. అది తప్పయింది. ద్వాలి చెప్పిందే ఒప్పు. సార్ గొంతు సవరించుకుని, “నేను కూడ అదే అనుకున్న ముందుగాల,” అన్నాడు.

రెండోది వయొలిన్ల మోత. వినబడీ వినబడకముందే చెప్పింది. మూడోది డప్పు, నాలుగోది వాన చప్పుడు, అయిదోది ఎవరో నవ్వుతున్న చప్పుడు. అన్నీ చెప్పింది. సార్ రాస్తూ పోయాడు. పక్క బల్లల వాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. తిరుపతికి హుషారెక్కింది. “అక్కా, ఆ ప్లేట్లు పక్కన పెట్టు. నువ్వేం సర్దకు. మంచిగ పాట మీద ధ్యాస పెట్టు,” అని ఆమె ముందున్నవన్నీ తన వైపు లాక్కున్నాడు.

ద్వాలి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆరో పాట వచ్చింది. ఏమీ తెలియలేదు. ఏడోది వచ్చింది. ఎక్కడో విన్నట్టుంది గానీ, పేరు రాలేదు.

“ఏమైంది మేడం?”

“చేతుల పని లేకపోతే నాకు పాట అందుతలేదు సార్,” అంది చిన్న గొంతుతో.

తిరుపతి క్షణం కూడా ఆలోచించలేదు. పక్క బల్ల నుంచి ఉడికించిన పల్లికాయల గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె పొట్టు తీయడం మొదలుపెట్టింది. ఎనిమిదో పాట నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

మధ్యలో ఫోన్ వణికింది. తొడ కింద పెట్టుకున్న ఫోన్. జైరాం. తీసి చెవి దగ్గర పెట్టుకుని తల వంచుకుంది. “నాయినకు రొట్టెలల్లకు కారం ఏడుంది?” చెప్పింది. పది నిమిషాలకు మళ్లీ. “నీళ్ల మోటర్ బందు చేసినవా?” చేశానంది. మళ్లీ. “పప్పుల ఉప్పు లేదు.” ఉందంది. ఫోన్ వచ్చిన ప్రతిసారీ భయం వేసేది. ఎనిమిది గంటలు కొట్టకముందే రమ్మంటాడేమోనని. ఎందుకంటే ఇప్పుడు ఆమెకు కప్పు కావాలి. వేదిక మీద ఎర్ర గుడ్డ పరిచిన బల్ల మీద ఉందది, ఇత్తడి రంగు పూసిన చిన్న కప్పు. ఇంటికి పోయి దాన్ని మామ రేడియో పెట్టె పక్కన పెట్టాలి. ఏమీ అనకుండా పెట్టి వంటింట్లోకి పోవాలి. నువ్వు పాటలెప్పుడు విన్నవ్ బిడ్డా? ఆ మాటకు అదే జవాబు. ఏడు గంటలకు మొదలైన ఈ ఆశ ఏడున్నరకల్లా ఛాతీ నిండా పెరిగింది. కాళ్లు బల్ల కింద ఊరికే ఊగుతున్నాయి. ఇంత ఆశపడటం ఎప్పుడో మరచిపోయింది, చివరిసారి బహుశా పదో తరగతి రిజల్ట్స్ అప్పుడు పడింది.

ఎనిమిదికి పది నిమిషాలు ఉండగా అరుణశ్రీ మైకులో చెప్పింది. రెండు టీములు సమానంగా ఉన్నాయి. ఒకటి వీళ్లది, ఒకటి వేంసూరు నుంచి వచ్చిన టీచర్లది. ఇక ఒక్కటే ప్రశ్న. “పాట పేరు నేనే చెప్త. మొదలు వినిపిస్త. మీరు చెప్పాల్సింది ఒక్కటే. ఈ పాట ఒక్కరు పాడిండ్రా, ఇద్దరా?”

పేరు చెప్పి పాట పెట్టింది. స్పీకర్‌లో ముందు వేణువు వచ్చింది. తర్వాత తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడు. తర్వాత మగ గొంతు.

ద్వాలి ముఖం విచ్చుకుంది. ఇది పడవ పాట. మామకు ప్రాణం. రోజుకు రెండుసార్లయినా పెడతాడు. నది దాటించే పడవవాడు, పడవలో కూర్చున్న పిల్లను అడుగుతూ ఉంటాడు, ఎందుకు పలకవు, ఎందుకు పలకవు అని. ఆ పాటతోనే ఆమె పొయ్యి వెలిగించేది. ఆ పాటలోనే, ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుతున్న బిడ్డకు జడ వేసేది.

“ఇద్దరనుకుంట,” అన్నాడు సార్, పెన్ను నోట్లో పెట్టుకుని. “ఆడ గొంతు కూడ ఎక్కడో వస్తది. సరిగ్గా యాదికొస్తలేదు.” కాగితం మీద ఇద్దరు అని రాశాడు.

“లేదు సార్.”

“ఆఁ?”

“ఆడ గొంతు లేదు సార్ ఆ పాటల. ఒక్కడే పాడుతడు.”

“అంత గ్యారంటీగ ఎట్ల చెప్తరు?”

“వెయ్యి సార్లు విన్న సార్ నేను,” అంది. ఎప్పుడూ లేనిది, చెయ్యి చాపి సార్ చేతిలోంచి పెన్ను తీసుకుంది. ఇద్దరు అన్న మాటను అడ్డంగా కొట్టేసింది. మస్టర్‌లో పెట్టినట్టే, తిన్నని గీత. పక్కన రాసింది, ఒక్కరే.

తిరుపతి, “అక్క అన్నదంటే అంతే సార్,” అన్నాడు.

అరుణశ్రీ రెండు కాగితాలు విప్పి చదివింది. ఒకదాన్ని కాసేపు పట్టుకుని, ద్వాలి వైపు చూసింది. “ఇద్దరు. టీచర్లు గెల్చిండ్రు,” అంది.

చప్పట్లు మోగాయి. టీచర్లు లేచి కప్పు దగ్గరికి పోయారు. ద్వాలికి ముందు అర్థం కాలేదు. ఎవరో తన ఇంట్లోకి వచ్చి ఇక్కడ ఇంకో గది ఉందని చెప్పినట్టుంది.

“ఊరికే కూసోమంటిమి గద మేడం,” అన్నాడు సార్. కోపంగా కాదు, నవ్వుతూనే. అదే ఎక్కువ తగిలింది. “రాసింది ఉండనిస్తే కప్పు మనదే.”

“పోనీయ్ సార్, ఆడిదాంక తెచ్చింది ఆమెనే గద,” అన్నాడు తిరుపతి గానీ, వాడి గొంతులో కూడా దిగులుంది. ఇద్దరూ చేతులు కడుక్కోవడానికి లేచారు. సోమవారం ఆఫీసులో ఈ కథ ఎలా చెప్తారో ద్వాలికి తెలుసు. మేడం పెన్ను గుంజుకుంది చూడు, అని చెప్తారు.

ఫోన్ వణికింది. తీయలేదు. పల్లికాయ పొట్టు గుట్ట ముందు కూర్చుని ఆలోచించింది. వెయ్యి సార్లు విన్న పాటలో ఆడ గొంతు ఎక్కడుంది? వేణువు ఉంది. తెడ్డు ఉంది. ఎందుకు పలకవు అని అడగడం ఉంది. మొదటి చరణం ఉంది. తర్వాత? తర్వాత ఏముంది? తర్వాత, ద్వాలీ, నీళ్లు తే. తర్వాత, ద్వాలీ, టవలేది? తర్వాత, ద్వాలీ, పాలు పొంగుతున్నట్టున్నయి చూడు. వీణ పాటకు తర్వాత ఏముంది? ద్వాలీ, చాయ్. డప్పు పాటకు? ద్వాలీ, గేటు దగ్గర ఎవరో వచ్చిండ్రు. పాట మొదలైతేనే వాళ్లకు దాహం వేసేది. ఒక్కో పాటా మొదలు పట్టుకుని చివర దాకా పోదామని చూసింది. ఒక్కటీ పోలేదు. ఇరవై ఏళ్లలో విన్న పాటలన్నీ మొదళ్లే. సగం సగం తెంపిన దారపు ముక్కలు గోనె సంచి నిండా ఉన్నాయి గానీ, ఒక పూస గుచ్చడానికి పొడుగు చాలదు.

చివరిదాకా తెలిసిన పాట అసలు ఒకటైనా ఉందా? ఉంది. ఒక్కటి. పెళ్లికి ముందు తండాలో ముసలివాళ్లు నెల రోజులు కూర్చోబెట్టి నేర్పించిన ఏడుపు పాట, ఢావ్లో. పెళ్లికూతురు పుట్టింటిని వదిలేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడాలి. అమ్మకు, నాన్నకు, అన్నకు, గొడ్డుకు, గడపకు. “గొంతు పోయినా మధ్యల ఆపొద్దు, ఆపితే అపచారం,” అని చెప్పారు. ఆపలేదు. ఆ రోజు ఆ పాట మధ్యలో ఆమెను ఎవరూ నీళ్లు అడగలేదు.

ఫోన్ మళ్లీ వణికింది. ద్వాలి లేచింది. మెట్ల వైపు పోలేదు. వేదిక దగ్గరికి పోయింది. అరుణశ్రీ వైర్లు చుడుతున్నది.

“చెల్లే, ఆ పడవ పాట... ఆమె ఎప్పుడొస్తది?”

అరుణశ్రీ చేతులు ఆపింది. “ఆఖర్న అక్కా. మూడో చరణం మొత్తం ఆమెదే. రెండు చరణాలు ఆయన అడుగుతనే ఉంటడు, మూడో దాంట్ల ఈమె జవాబిస్తది. నేను స్టేజీ మీద పాడేది ఆ ఒక్క చరణమే.” ఆగి, “శానమంది ఆడోళ్లే తప్పు చెప్తరు ఆ ప్రశ్నకు,” అంది. “మగోళ్లకు తెలుస్తది.”

అలా ఎందుకో ఇద్దరికీ తెలుసు. అనుకోవాల్సిన పని లేకపోయింది.

“మొత్తం పెడ్తవా ఒకసారి?”

అరుణశ్రీ చుట్టిన వైరు విప్పింది. ద్వాలి ముందు వరస కుర్చీలో కూర్చుంది. అంచుకు కాదు, వెనక్కి ఆనుకుని. పర్సు కింద పెట్టింది. వేణువు మొదలైంది. ఫోన్ ఒళ్లో వెలిగింది. ఈసారి తీసింది.

“ఎనిమిదింబావు అయితాంది,” అన్నాడు జైరాం. “పోటీ అయిపోయిందట గద, మీ సార్ ఇప్పుడే దిగిండు. ఏం చేస్తున్నవ్ మీద?”

“పాట అయినంక వస్త.”

“ఇంకేం పాట? అయిపోయింది గద!”

“పోటీ అయిపోయింది. పాట అయిపోలే.”

“ఏయ్, నాయిన ఒక్కడే ఉన్నడు ఇంట్ల. నీళ్లకు...”

“కుండ మంచం పక్కనే ఉన్నది,” అంది ద్వాలి. ఫోన్ బోర్లా పెట్టింది.

మొదటి చరణం అయింది. అలవాటుగా ఆమె నడుము కుర్చీలోంచి లేవబోయింది, ఎవరో పిలిచినట్టు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. రెండో చరణం మొదలైంది. ఆమెకు ఇది పూర్తిగా కొత్త పాట. పడవవాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు, ఇప్పుడు కొంచెం కోపంగా, ఎందుకు పలకవు అని. ఇన్నేళ్లూ ఆ పడవలో పిల్లకు జవాబు లేదనుకుంది. పాపం, ఏం చెప్తుందిలే అనుకుంది. పిండి కలుపుతూ ఆ పిల్ల మీద జాలిపడింది కూడా. చేతులు ఒళ్లో ఖాళీగా ఉన్నాయి. పాట అందుతున్నది.

వాయిద్యాలన్నీ ఆగాయి. తెడ్డు చప్పుడు ఒక్కటే మిగిలింది. అప్పుడు ఆ గొంతు వచ్చింది. ఏడుపు గొంతు కాదు, బతిమాలే గొంతు కాదు. పొలం గట్టు మీద నిలబడి అవతల గట్టు మీద మనిషితో మాట్లాడినట్టు నిదానంగా, నిండుగా ఉంది. పడవవాణ్ని తెడ్డు తనకిమ్మంటున్నది.

కింద రోడ్డు మీద హారన్ మోగింది. ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా. ద్వాలికి ఆ హారన్ ఎవరిదో తెలుసు. గొంతు తన మాటంతా చెప్పుకుని, వేణువును తోడు తీసుకుని, మెల్లగా దిగిపోయింది. స్పీకర్‌లో ఉత్త గాలి చప్పుడు మిగిలింది.

అరుణశ్రీ లాప్‌టాప్ మూయబోతూ ఆమె వైపు చూసింది.

హారన్ మళ్లీ మోగింది.

“ఇంకోసారి పెట్టు చెల్లే,” అన్నది ద్వాలి.